మెరిసేవైపు

ఆ ఇంట్లో ఆదివారం అంటే అత్తదే. ఎవరో రాసిపెట్టిన నియమమేం కాదు గానీ, అన్నగారి ఇద్దరు కూతుళ్లకీ, అంటే తొమ్మిదేళ్ల గువ్వకీ ఐదేళ్ల బుడంకాయకీ, ఆ సంగతి బాగా తెలుసు. అత్త పనిచేసేది అచ్చాఫీసులో, అట్టలు కోసే మిషన్ దగ్గర. శనివారం సాయంత్రం ఆమె ఇంటికి రాగానే పిల్లలిద్దరూ చెప్పులు విప్పనివ్వకుండా సంచి మీద పడేవాళ్లు. మిషన్ కోసి పారేసిన అంచుముక్కలు, మిగిలిపోయిన గులాబీరంగు కవర్లు, ఓసారైతే బంగారు రంగు స్టిక్కర్ల చుట్ట, ఏముంటే అది. ఆదివారం టిఫిన్ అవగానే భోజనాలబల్ల మీద పాత పేపర్లు పరిచేవాళ్లు, స్కేలు వచ్చేది, పెన్సిళ్లు చెక్కేవాళ్లు, ఇక మధ్యాహ్నం దాకా వాళ్ల నాన్న కూడా ఆ ఛాయలకి రాకూడదు.

అత్తకో అలవాటుంది. ఏ కాగితం చేతికొచ్చినా బొటనవేలు నాలిక్కి తాకించి రెండువైపులా ఒత్తి చూస్తుంది. తడి ఇంకిపోయి మచ్చ పడితే ఆ వైపు రంగు తాగుతుంది. తడి పైనే నిలబడిందా, అది మెరిసేవైపు, దానికి పూత ఉంటుంది, అచ్చు సిరా పట్టుకుంటుందేమో గానీ మన ఇళ్లల్లో వాడే రంగు పట్టుకోదు. పిల్లలకి ఇది ఎంత వంటబట్టిందంటే, గువ్వ ఓసారి కుర్చీలో కునుకు తీస్తున్న వాళ్ల నాన్న బట్టతల మీద తడివేలు ఒత్తి, "అత్తా, ఇది మెరిసేవైపే, రంగు తాగదు!" అని అరిచింది. ఆ నవ్వు వారం రోజులు నడిచింది.

అలా మూడేళ్లు హాయిగా గడిచాయి. మూడు నెలల క్రితం అత్త తమ్ముడు పెళ్లి చేసుకుని కొత్తపిన్నిని తీసుకొచ్చాడు.

కొత్తపిన్ని మంచిదే. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే ఎంత బావుండేది, హాయిగా తిట్టుకోవచ్చు! ఆమె పసిపిల్లల బడిలో టీచరు. పాటలన్నీ తప్పుగా పాడుతుంది, ఆ తప్పులకి అందరికన్నా ముందు తనే నవ్వుతుంది, అత్తని మాత్రం "వదినగారూ, వదినగారూ" అని వెనకాలే తిరిగి అడిగి మరీ పనులు చేస్తుంది. పిల్లలు మొదటి వారం దూరంగా చూశారు, రెండో వారం దగ్గరకి వెళ్లారు, మూడో వారం నుంచి ఆమె చుట్టూ ఈగల్లా మూగారు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా! అత్త పైకి ఏమీ అనలేదు. లోపల మాత్రం ఎవరో చిన్నమంట మీద గిన్నె పెట్టి మర్చిపోయినట్టు ఉడుకుతూనే ఉంది.

ఇలా ఉండగా నాయనమ్మకి, అంటే అత్త వాళ్ల అమ్మకి, కంటి ఆపరేషన్ వచ్చింది. శుక్లం. ఏడాదిగా ఆమెకి రంగులే తెలియడం లేదు. "ఏం చూసినా గిన్నెలు కడిగిన నీళ్ల రంగేనే. ఎరుపు ఎలా ఉంటుందో మర్చిపోయాను" అని గువ్వతో అనేది. ఆపరేషన్ శనివారం అయింది, షుగరుందని ఆస్పత్రిలోనే రెండు రోజులు ఉంచుకున్నారు, పిల్లల అమ్మ అక్కడే తోడుగా ఉంది. సోమవారం పదకొండింటికి కట్టు విప్పుతారు. అప్పుడు గువ్వకి ఆ ఆలోచన వచ్చింది.

"అత్తా! నాయనమ్మ కళ్లు తెరవగానే ఇంద్రధనుస్సు కనపడాలి. అన్ని రంగులూ ఒకేసారి! కార్డు చేద్దామా?"

"చెయ్యకేం! నేనున్నాగా" అంది అత్త. ఆ సాయంత్రం ప్రెస్సులో కూర్చుని ఏరి ఏరి ఎనిమిది అట్టలు తెచ్చింది. దళసరివి, ఒకవైపు అద్దంలా మెరిసేవి. రెండోవైపు మామూలు తెలుపు. రాత్రి పడుకున్నాక కూడా లెక్కలే, ఏ చాపానికి ఎంత వెడల్పు, వృత్తలేఖిని ముల్లు ఎక్కడ గుచ్చాలి అని. అమ్మ కళ్లు తెరిచి, "ఇది నా కూతురి చేతిపనే" అంటుంది. అంటుంది కదా మరి?

ఆదివారం ఆమె తలస్నానం చేసి, తుండు చుట్టుకుని వచ్చేసరికి బల్ల దగ్గర జాగా లేదు.

కొత్తపిన్ని నడుమ కూర్చుంది. కుడివైపు గువ్వ, ఎడమవైపు బుడంకాయ. బుడంకాయ అయితే సగం పిన్ని ఒళ్లోనే. గిన్నెలు తోమే కొత్త స్పాంజిని కత్తెరతో అడ్డంగా కోస్తోంది పిన్ని. ముందు బిస్కెట్ల డబ్బా మూత, దాంట్లో పోస్టరు రంగుల గుట్టలు, పక్కన పాత టూత్‌బ్రష్షు, ఓ గుప్పెడు దూది.

"రండి వదినగారూ! స్పాంజి కొత్తదేనండి, తిట్టకండి. రేపు ఇంకోటి తెచ్చి పెట్టేస్తా."

"నేనెందుకు తిడతాను అమ్మాయ్! నీ ఇల్లు, నీ స్పాంజి" అంది అత్త. మాట తీయగానే ఉంది. తుండుని మాత్రం జుట్టు ఊడేలా బిగించింది.

పిన్ని స్పాంజి అంచు మీద రంగులు చెంచాతో వరసగా పెట్టింది, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. పెట్టెలో ముదురునీలం లేదు. నీలంలో కాస్త ఊదా కలిపి ఆ లోటు తీర్చింది, చివర ఊదా. అత్త గోడకానుకుని చూస్తోంది. ఎరుపు లోపలికి వచ్చేలా పెడుతుందేమో, పెట్టాలి, పెడితే బావుణ్ను, అప్పుడు "ఎరుపు పైకి రావాలి కదమ్మా, ఆకాశం వైపు ఎప్పుడూ చూళ్లేదా" అనొచ్చు. అబ్బే! ఎరుపు సరిగ్గా పై అంచుకే వచ్చింది.

"ఊపిరి బిగబట్టండి" అంది పిన్ని. పిల్లలు బుగ్గలు పూరించారు. పాత పేపరు మీద స్పాంజి ఆనించి, మణికట్టు ఒక్కసారి తిప్పింది. సర్రుమని ఒక్క లాగు! పేపర్లోని వాహనాల ప్రకటన మీద ఏడు రంగుల ఇంద్రధనుస్సు వంగి నిలబడింది.

బుడంకాయ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. గువ్వ కుర్చీ మీద లేచి నిలబడింది. "అత్తా! అత్తా! ఒక్క లాగుకే ఏడు రంగులు! నువ్వేమో గంటసేపు గీయిస్తావు!"

"అత్తతో కార్డు చేస్తే నాకు మధ్యలో ఆకలేస్తుంది" అంది బుడంకాయ, ఎంతో న్యాయంగా. "పిన్నితో చేస్తే ఆకలెయ్యదు."

"గంటసేపు గీసింది పది కాలాలు ఉంటుంది" అంది అత్త. ఎవరూ వినలేదు. ఎవరికి తీరిక? ఒకళ్లు స్పాంజి లాగుతున్నారు, ఒకళ్లు టూత్‌బ్రష్షుతో నీలం చిమ్మి వాన కురిపిస్తున్నారు. బుడంకాయ ముక్కుకి ఆకుపచ్చ అంటితే పిన్ని తన ముక్కుకీ పూసుకుంది. ముగ్గురూ పగలబడి నవ్వుతున్నారు. అత్త కళ్లల్లో నిప్పులు పోసుకుంది. నా బల్ల, నా ఆదివారం, నా పిల్లలు, ఆఖరికి నా అట్టలు!

అట్టల మాట వచ్చింది కాబట్టి... పేపరు మీద సాధన అయిపోయాక పిన్ని అట్టల కట్ట విప్పింది. వెలుగు పడి పై అట్ట తళుక్కుమంది. "అబ్బ, ఎంత బావున్నాయో! మీ చెయ్యే చెయ్యి వదినగారూ, ఎక్కడినుంచి ఏరతారో గానీ." ఒకటి తీసి ఇటూ అటూ తిప్పి, మామూలుగా, ఏ మర్మమూ లేకుండా అడిగింది. "ఏ వైపు వేద్దామంటారు?"

అత్త బల్ల దగ్గరికొచ్చింది. కట్టలోంచి ఓ అట్ట తీసుకుంది. తెలియకుండానే బొటనవేలు నాలిక్కి తగిలింది, మెరిసేవైపు ఒత్తింది. తడి పైనే నిలబడింది, గుండ్రంగా, చిన్న మంచుబొట్టులా. పూత. ఇంతకన్నా పక్కాగా పూత ఉండదు. చిక్కటి పోస్టరు రంగు దీని మీద తడిగా ఉన్నంతసేపూ రాణిలా వెలుగుతుంది, ఆరాక అట్టని ఎక్కడ మడిస్తే అక్కడ పెచ్చులూడిపోతుంది. ఈ మాట చెప్పడానికి ఎంతసేపు? ఒక్క ముక్క. "రెండోవైపమ్మాయ్" అంటే చాలు.

సరిగ్గా అప్పుడే బుడంకాయ పిన్ని మెడ చుట్టూ చేతులేసి, "పిన్నీ, ఇక ప్రతి ఆదివారం నువ్వే!" అంది.

"నీ ఇష్టం అమ్మాయ్" అంది అత్త. "టీచరువి నువ్వు. నాకేం తెలుసు, నేను కోసేదాన్ని!"

"అయితే మెరిసేవైపే! నాయనమ్మ కంటికి తళతళలాడాలి" అంది పిన్ని.

అత్త చేతిలో అట్టని కట్టలో పెట్టేసి, తలారబెట్టుకోవాలని గదిలోకి వెళ్లిపోయింది. వెళ్తూ ఉంటే గువ్వ తన వైపు చూసినట్టు అనిపించింది. చూస్తే చూసింది, చిన్నపిల్ల.

మధ్యాహ్నానికి కిటికీ గట్టు మీద ఆరు ఇంద్రధనుస్సులు. ఏడో అట్టని బుడంకాయ సరదాకి ముక్కలు ముక్కలు చేసింది, ఎనిమిదోది ఎక్కడో అలాగే మిగిలింది. ఆరింటి రంగూ అద్దంలా మెరిసిపోతోంది. అట్ట మొత్తం మీద అటు చివరి నుంచి ఇటు చివరికి ఒకే చాపం, రేపు పొద్దున్న మధ్యకి మడిచి, తెరవగానే బొమ్మ లేచి నిలబడేలా చేస్తారట. అదీ పిన్ని ఆలోచనే. మడుస్తారట!

సాయంత్రం పిన్ని టీ తెచ్చింది. "ఆ మెరుపంతా మీ అట్టలదే వదినగారూ" అంది. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. పాపం ఆ పిల్లకి చల్లుతున్నానని కూడా తెలియదు. అత్త కప్పు అందుకుని, చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. అంతలో లోపల్నించి గువ్వ గొంతు, "పిన్నీ, తొందరగా రా, నువ్వు లేకపోతే ఆట లేదు!" తెరిచిన నోట్లో టీ పోసుకుంది అత్త. నాలుక కాలింది. కాలనీ!

సోమవారం. పిల్లలకి బడి మాన్పించారు, అత్త సగం రోజు సెలవు పెట్టింది. పదింటికల్లా బయల్దేరాలి. తొమ్మిదింటికి అందరూ బల్ల చుట్టూ చేరారు. గువ్వ మైదా జిగురుతో దూది మబ్బులు అతికించింది. పిన్ని మొదటి అట్ట మధ్యలో స్కేలు పెట్టి, జాగ్రత్తగా ఒత్తి, మడిచింది.

చిటపటమని చిన్న చప్పుడు.

తెరిచి చూస్తే ఇంద్రధనుస్సు నడుమ తెల్లటి సందు, ఇంత వెడల్పున. పిన్ని ఒళ్లో ఎరుపు పెచ్చులు, పసుపు పెచ్చులు. గువ్వ కంగారుగా అట్ట లాక్కుంటే వేలి కింద నీలం మొత్తం చేప పొలుసులా లేచి వచ్చేసింది. రెండోది మడిచారు, అంతే. మూడోది మడవకుండానే పట్టుకుంటే చాలు, రాలింది. బుడంకాయ ముందు పెదవి విరిచింది, తర్వాత ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. "నాయనమ్మకి ఇంద్రధనుస్సు చచ్చిపోయింది!"

"నాదే తప్పు" అంటోంది పిన్ని, రాలిన పెచ్చుల్ని అరచేత్తో పోగుచేస్తూ. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "రంగు మరీ చిక్కగా కలిపాను. బళ్లో ఎప్పుడూ ఇలా అవలేదు... తొందరపడ్డాను, నాదే తప్పు."

ఇదిగో, వచ్చింది, అత్త నిన్నటినుంచీ ఎదురుచూసిన క్షణం ఇదే. సంతోషం రావాలి. ఎక్కడుందో అని లోపల వెతుక్కుంది. దొరకలేదు.

గువ్వ ఏడవలేదు. అట్టని తిప్పి రెండోవైపు చూసింది. బొటనవేలు నాలిక్కి తాకించి ఒత్తింది. మచ్చ పడింది. తలెత్తి అత్తనే చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"అత్తా, నువ్వు నిన్న వేలు పెట్టి చూశావు కదా?"

"ఎప్పుడు? నేనా? నేనేం చూశాను, నేను తలారబెట్టుకుంటున్నా..." గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అత్త చెయ్యి వెనక్కి దాచుకుంది. దాచుకున్నాక తెలిసింది దాచుకున్నానని.

"చూశావు. నేను చూశాను నువ్వు చూడ్డం. పిన్ని ఏ వైపని అడిగింది కూడా." గువ్వ గొంతులో కోపం లేదు. అదే ఇంకా ఘోరం. లెక్క తప్పు ఎక్కడొచ్చిందో వెతుకుతున్నట్టుంది. "నీకు తెలుసు కదా. మరి చెప్పలేదేం?"

బుడంకాయ ఏడుపు మధ్యలో ఆగింది. పిన్ని పెచ్చులు ఏరడం ఆపింది. గుమ్మం దగ్గర షూ లేసు కట్టుకుంటున్న వాళ్ల నాన్న అలాగే వంగి ఉండిపోయాడు.

మర్చిపోయాననొచ్చు. సరిగ్గా చూడలేదనొచ్చు. నమ్ముతారు కూడా, ఒక్క గువ్వ తప్ప. ఆ పిల్ల ఇక ఎప్పుడూ తన దగ్గరికొచ్చి "అత్తా, ఇది ఏ వైపు?" అని అడగదు.

"కుళ్లుకున్నానే" అంది అత్త. "తెలుసు. తెలిసే చెప్పలేదు."

"కుళ్లు ఎందుకు?"

"నువ్వు పిన్నితో అంత నవ్వుతుంటే."

గువ్వ ఆలోచించింది. "మరి నువ్వు కూడా నవ్వాల్సింది" అంది.

పిన్ని లేచింది. పోనీలెండి అంటుందనుకుంది అత్త. అనలేదు. "నన్ను తిట్టైనా చెప్పాల్సింది వదినగారూ" అంది. "మొహం మీదే నీకేం తెలీదే అని తిట్టాల్సింది. నేను అడిగాను. మీకు తెలుసు కాబట్టే కదా అడిగాను. అత్తయ్యగారి ముందు ఈ అట్ట తెరిచి, ఆవిడ మీద పెచ్చులు రాలి ఉంటే?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! తొక్కింది కదా, ఇక కడగాలి. అత్త గడియారం చూసింది. తొమ్మిదీ ఇరవై. "ఎనిమిదో అట్ట ఎక్కడ?" అంది.

"బల్ల కింద!" బుడంకాయ దూరి తీసుకొచ్చింది. అదృష్టం, దాని కత్తెరకి దొరకలేదు.

ముందు అత్త దాన్ని మధ్యకి మడిచింది. "మడత ముందు, రంగు తర్వాత. ప్రెస్సులోనూ అంతే." మళ్లీ తెరిచి మామూలువైపు పైకి పెట్టింది. "ఇటువైపు రంగు పడీపడగానే తాగేస్తుంది. దిద్దడానికి ఉండదు, ఒక్కటే అట్ట, ఒక్కటే లాగు. రంగు కాస్త పల్చగా కలుపు అమ్మాయ్."

"ఎంత పల్చగా?" పిన్ని ఇంకా మొహం చూపించడం లేదు.

"పాలలా."

పిన్ని కలిపింది. అట్టకి అడ్డంగా అంత పెద్ద చాపం ఒక్క లాగులో వంకర పోకుండా రావాలంటే మణికట్టు చాలదు. నిన్న ఆరింట్లో నాలుగు ఓ పక్కకి ఒరిగాయి, అత్త లెక్కపెట్టింది మరి. కుట్టుపెట్టెలోంచి దారం తెచ్చింది. ఒక కొస స్పాంజికి కట్టి, రెండో కొసని అట్ట కింది అంచు మధ్యలో తన బొటనవేలితో నొక్కిపట్టింది. "ఇదే ముల్లు. దారం బిగుతుగా ఉంచి లాగండి, దానంతటదే గుండ్రంగా వస్తుంది."

"నువ్వు మనిషి వృత్తలేఖినివి అత్తా!" అంది గువ్వ. నిన్నటినుంచి అత్త చెవిన పడ్డ మొదటి మంచిమాట. కళ్లు చెమర్చాయి, తుడుచుకుందామంటే వేలు ఖాళీ లేదు.

గువ్వ స్పాంజి పట్టుకుంది. దాని చేతి మీద పిన్ని చెయ్యి వేసింది. ఆ రెండు చేతుల్నీ అంత దగ్గరగా చూసేసరికి అత్తకి మళ్లీ చురుక్కుమంది, నిజం చెప్పాలంటే బాగానే చురుక్కుమంది. వేలు మాత్రం కదపలేదు. కదిపితే దారం జారుతుంది.

"ఊపిరి బిగబట్టండి" అంది బుడంకాయ, అందరి తరఫునా.

సర్రున వచ్చింది. ఎడమ చివర ఎరుపు కాస్త పల్చబడింది, నీలం ఊదాలో కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోయింది, కానీ చాపం మాత్రం కొలిచి గీసినట్టుంది. ఊదా చుక్క ఒకటి దారం వెంట జారి అత్త వేలి కిందకి వెళ్లింది. ఆమె చెయ్యి తీస్తే అక్కడ బొటనవేలి ముద్ర, గీతలతో సహా.

"అయ్యో, మచ్చ!" అంది అత్త.

"ఉండనివ్వండి" అంది పిన్ని పొడిగా. మళ్లీ తనే, "దొంగ ముద్ర" అంది. పెదవి చివర నవ్వు లాంటిది కనపడీ కనపడనట్టు కనిపించింది. అత్త దాన్ని పట్టుకోబోయింది గానీ ఈలోగా పిన్ని ఫ్యాను వేగం పెంచడానికి వెళ్లిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు కట్టు విప్పి, కన్ను తుడిచి, నెమ్మదిగా తెరవమంది. పిల్లల అమ్మ చెయ్యి ఊతంగా నాయనమ్మ మంచం మీద కూర్చుంది. అత్త అందరికన్నా ముందు నిలబడి, కార్డు మూసి గుండెకి ఆనించుకుని ఉంది. పట్టుకునే పని తనకే ఇచ్చింది గువ్వ. నాయనమ్మ రెప్పలల్లార్చింది. అత్త కార్డు తెరవబోయింది.

"ఎవరే అది, వెనకాల?" అంది నాయనమ్మ, కూతురి భుజం మీదుగా చూస్తూ. "నా చిన్నకోడలా? ఇలా రా, ఇలా రా! మూడు నెలలైంది, నీ గొంతే గానీ మొహం సరిగ్గా చూళ్లేదు. ఓసి, చెంప మీద పుట్టుమచ్చ ఉందటే నీకు! ఎవరూ చెప్పలేదే నాకు!"

అత్త చేతిలో కార్డు సగం తెరుచుకుని ఆగిపోయింది. అమ్మ చూపులో మొదట పడాల్సింది ఇదీ, తనూ. ఇంకా నాలుగంగుళాలు కుడికి జరిగితే చాలు, వెనకున్న మనిషి కనపడదు. అత్త కాలు కుడివైపుకి కదిలింది కూడా. గువ్వ చూస్తోంది.

అత్త ఎడమవైపుకి జరిగింది. "వెళ్లవే" అని పిన్నిని మోచేత్తో ముందుకి తోసింది. కాస్త గట్టిగానే తోసింది, అది వేరే సంగతి.

నాయనమ్మ కోడలి మొహాన్ని కరువుతీరా చూసుకున్నాక గానీ కార్డు వంతు రాలేదు. వచ్చాక ముందుగా ఎరుపు మీద వేలు పెట్టింది. రాలలేదు. "ఇదా ఎరుపు" అంది. "ఇలా ఉంటుందా!" తర్వాత కిందికి చూసి, "ఈ వేలెవరిదో నాకు తెలుసు. కాగితం కనబడితే చాలు నాకేసేది. దీనికీ ఎంగిలి చేశావుటే?" అంది.

అందరూ నవ్వారు. పిన్ని కూడా. ఈసారి అత్తకీ నవ్వొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బుడంకాయ పిన్ని ఒళ్లో నిద్రపోయింది. అత్త కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటిస్తూ ఆ ఒళ్లోకే చూస్తోంది. గువ్వ ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని కాసేపు అత్తని గమనించింది. తర్వాత బొటనవేలు నాలిక్కి తాకించి అత్త చెంప మీద గట్టిగా ఒత్తింది.

"ఏంటే ఇది, ఛీ!"

"ఏ వైపో చూస్తున్నా."

"ఏమైంది? తాగుతోందా?" అంది అత్త, చెంప తుడుచుకోకుండా.

గువ్వ తల వంచి పరీక్షగా చూసింది. "కొంచెం కొంచెం" అంది. "ఆదివారం మళ్లీ చూస్తా."